ఫైసలా బెల్లం

సూరత్‌లో, వడోద్‌లోని మా గల్లీకి వచ్చి సోమలింగం ఎలాంటివాడని అడగండి. మంచివాడనే చెబుతారు. ఎవరింట్లో చావైనా ముందు వాడే వస్తాడు. పాడెకు వెదురు వాడి టెంపోలోనే వస్తుంది, కిరాయి తీసుకోడు. గణపతి చందాల్లో వాడి పేరు ఎప్పుడూ పైనే ఉంటుంది. అందరికీ మంచివాడే, నా ఒక్కడి ఇంటినే ముంచాడు. ముంచాడని నేను నోరు తెరిస్తే, తెగిపోయిన మాటను తిరగదోడుతున్నానని మా కులసంఘం నాకే తప్పు, అంటే జరిమానా, వేసింది. అందుకే గల్లీలో చెప్పడం మానేసి ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది ఆరో తరగతి దాకా. రాతలో పొరపాట్లు ఉంటే ఉండనివ్వండి, లెక్కలో మాత్రం లేవు.

నా పేరు పరమేశ్. సిరిసిల్ల పక్క పల్లె మాది. మీసాలు రాకముందే సూరత్ వచ్చాను. అప్పటి నుంచి పాండేసరాలో మరమగ్గాల మీదే బతుకు. చెవులు సగం పోయాయి. నా భార్య కొమురవ్వ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తుంది. ఒక్కతే బిడ్డ, సంధ్య. ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది. ఉధ్‌నాలో ఒక అకౌంటెంటు దగ్గర పనిచేస్తుంది. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోతుంది, కోపమొస్తే గుజరాతీలోకి.

ఈ ఊళ్ళో మేం ఎన్ని ఖోలీలు, అంటే అద్దె గదులు, మారామో కొమురవ్వకే గుర్తు. పదకొండు నెలలు నిండగానే ఇంటి ఓనరు వస్తాడు, కిరాయి పెంచుతాడు, లేదంటే ఖాళీ చెయ్యమంటాడు. నీళ్ళ మోటారు వాడు వేసినప్పుడే మన బిందె నిండాలి. ఇన్నేళ్ళూ కొమురవ్వ అడిగింది ఒక్కటే, తన చేత్తో తిప్పుకునే నల్లా ఉన్న ఇల్లు.

పోయిన శ్రావణంలో అలాంటి ఇల్లు దొరికింది. డిండోలిలో, రైలు పట్టాలకు అవతల. కింద ఒక గది, వంటిల్లు, వెనక బట్టలుతుక్కునే చప్టా, మీద ఒక రేకుల గది. మహారాష్ట్ర వైపు ఖాందేశ్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ముసలాయనది, అమ్మేసి ఊరికి పోతానన్నాడు. దలాల్ సంపత్ చూపించాడు. సంపత్ మనవాడే, బమ్రోలిలో ఉంటాడు. ధర పన్నెండు లక్షలకు తెగింది. మేం బేరం మాట్లాడుతుంటే కొమురవ్వ లోపలికి పోయి వంటింటి గోడను మూరలేసి కొలిచింది. బిందెల బల్లకు మూడు మూరలు చాలంది. తర్వాత ఆ ముసలాయన చీపురే తీసుకుని ఖాళీ గది ఊడవడం మొదలుపెట్టింది. ఇంకా మనది కాని ఇల్లు ఎందుకు ఊడుస్తున్నావని అడిగాను.

"ఊడిస్తె అరుగుతదా?" అంది.

ఇక్కడ ఇల్లు కొనాలంటే ముందు బానా ఇవ్వాలి. మన దగ్గర బయానా అంటామే, అదే. కాగితం రాసుకుంటారు. గడువులోగా మిగతా సొమ్ము తెస్తే ఇల్లు మనది, తేలేకపోతే బానా వాళ్ళది. రాఖీ పండుగ దాటాక లక్షా యాభై ఒక్క వేలు బానా ఇచ్చాను. గడువు లాభ పంచమి, దీపావళికి మూసిన దుకాణాలను గుజరాతీలు మళ్ళీ తెరిచే రోజు. నా దగ్గర ఇంకో రెండున్నర లక్షలు ఉన్నాయి. మిగిలిన ఎనిమిది లక్షలు బ్యాంకు ఇవ్వాలి. పగారు బ్యాంకులోనే పడుతుంది, సంధ్య జీతమూ ఉంది. ఎందుకివ్వరు అనుకున్నాను.

బ్యాంకులో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటర్‌లో ఏదో చూశాడు. పాత టెంపో అప్పు ఒకటి తక్కువ సొమ్ముతో తెంచుకున్నారా అని అడిగాడు. నేను ఛాతీ పొంగించి అవునన్నాను. నలుగురు పెద్దమనుషుల ముందర తెగిందని, ఒక్క రూపాయి బాకీ లేదని చెప్పాను. అతను తల ఊపాడు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది, మీకు అప్పు రాదని.

సంపత్‌కు చెబితే సిబిల్, అంటే మన అప్పుల చరిత్ర రిపోర్టు, చూడాలన్నాడు. ఐదు వందలు తీసుకుని జిరాక్స్ దుకాణంలో కాగితాలు తీయించి తెచ్చాడు. అందులో ఏముందో వాడికీ తెలియదు. స్కోర్ జర కమ్జోర్ ఉంది, ఫికర్ లేదు, ఊళ్ళో కంపెనీలకు కొదువా అన్నాడు. స్కూటర్ మీద ఎక్కించుకుని ఒక్కో ఫైనాన్స్ ఆఫీసుకూ తిప్పాడు. అంతటా ఆధార్, పాన్ ఇచ్చాను. అంతటా వేలు పెట్టమన్నచోట వేలు పెట్టాను. ఎక్కడా రాలేదు.

అప్పటిదాకా సంధ్యకు నేను ఏమీ చెప్పలేదు. బిడ్డకు ఇంటి తాళం చేతిలో పెట్టి చెబుదామనుకున్నాను. ఆ ఆదివారం కొమురవ్వే చెప్పేసింది. సంధ్య ఆ కాగితాలు తిప్పి చూసింది.

"ఐదొందలు ఎందుకిచ్చినవ్ బాపు? ఫోన్‌ల ముఫ్త్‌ల దొరుకుతది గిది. నీ పేరు మీదున్నది నువ్వు చూస్కోనికి సంపత్‌గాడెందుకు?"

తన ఫోన్‌లో నా పాన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టింది. నా ఫోన్‌కు వచ్చిన అంకెలు నేను చదివాను, తను ఎక్కించింది. అంతే, నా బతుకంతా తెరుచుకుంది. మొదట పేరు. కింద మేం వదిలేసిన పాత ఖోలీల అడ్రసులు. తర్వాత నేను తీసుకున్న అప్పులు. సంధ్య చదువుకునేటప్పుడు కిస్తుల మీద కొన్న ఫోన్, కట్టేశాం, మూసేసినట్టు రాసి ఉంది. ఫ్రిజ్, అదీ అంతే. మూడోది టెంపో.

టెంపో కింద నెలకో గడి ఉంది. మొదటి గడులన్నీ బాగానే ఉన్నాయి. లాక్‌డౌన్ ఏడాదికి వచ్చేసరికి గడులు ఎర్రబడి, అంకెలు పెరుగుతూ పోయాయి. అవి కిస్తు ఎన్ని రోజులు ఆలస్యమైందో చెప్పే అంకెలట. ముప్పై, అరవై, తొంభై, ఆ పైన ఇంకా. ఆఖరున 'సెటిల్డ్' అని ఉంది. తీసుకున్నది పూర్తిగా కట్టలేదని, కంపెనీ దిక్కులేక కొంత వదులుకుందని దాని అర్థమని సంధ్య చెప్పింది. పక్కనే వదులుకున్న సొమ్ము కూడా ఉంది, నలభై నాలుగు వేల ఆరు వందలు. పైన నా స్కోర్ ఆరు వందల పదకొండు. తొమ్మిది వందలకు లెక్కట అది. బ్యాంకులకు ఏడు వందల పైన కావాలట.

మగ్గాలుండే ఖాతాలో తాకా, అంటే నేసిన గుడ్డ చుట్ట, దిగాక చెకింగ్ టేబుల్ మీద పరిచి చూస్తారు. ఎక్కడైనా పోగు తెగి గీత పడితే, ఆ చోట అంచుకు ఎర్ర దారం కట్టి పంపుతారు. ఎవడి మగ్గం మీద నేసినా, ఎవడు మగ్గం వదిలి బీడీకి పోయినా, దారం చూసినవాడు ఆ గుడ్డ ధరే తగ్గిస్తాడు. నన్ను అలా పరిచి చూసినట్టయింది.

కింద ఇంకో పేజీ ఉంది. సంపత్ నన్ను తిప్పిన కంపెనీల పేర్లన్నీ వరుసగా ఉన్నాయి, తేదీలతో సహా.

"ఒక్కొక్కడు అడిగినప్పుడల్లా జర జర స్కోర్ పడ్డది బాపు. గిన్ని దిక్కుల అడుగుతున్నడంటే పైసలకు ఆగమైండు అనుకుంటరు వాళ్ళు."

"ఇప్పుడు మనం చూస్తిమి గద. మల్ల పడుతదా?"

"నువ్వు చూస్కుంటె ఏం కాదు. వాళ్ళు చూస్తెనే."

బట్ట కొనేముందు పది దుకాణాలు ఎక్కి దిగే ఊరు ఇది. ధర అడగడం కూడా నేరమయ్యే బజారు ఒకటుందని నాకెవరు చెప్పారు?

ఇప్పుడు టెంపో సంగతి చెప్పాలి. సోమలింగం కొమురవ్వకు పిన్ని కొడుకు, నన్ను బావా అంటాడు. లాక్‌డౌన్‌కు ముందటేడు మగ్గం పని మానేసి, తాకాలను ఖాతాల నుంచి మిల్లుకు చేరవేసే టెంపో కొనాలనుకున్నాడు. వాడి పగారు చేతికి వచ్చేది, బ్యాంకులో ఒక్క పైసా ఆనవాలు లేదు. నాకు బ్యాంకు పుస్తకం ఉంది. మా మనుషుల్లో ఇది మామూలే. ఎవరి కాగితాలు సరిగ్గా ఉంటే వాళ్ళ పేరు మీద తీసుకుంటారు, వాడుకునేవాడు కట్టుకుంటాడు. నేను ఊరి నుంచి వచ్చిన కొత్తలో వాళ్ళ నాయిన పేరు మీదే నాకు గ్యాస్ సిలిండర్ వచ్చింది. కాదని ఎలా అంటాను? టెంపో వాడిది, అప్పు కాగితం నాది. మొదట్లో సరిగ్గానే కట్టాడు. లాక్‌డౌన్‌లో అందరం రైళ్ళెక్కి ఊళ్ళకు పోయాం. తిరిగొచ్చాక వాడు కట్టలేదు. ఫైనాన్స్ మనుషులు నా గడపలో కూర్చున్నారు.

వడ్డీతో కలిపి తొంభై ఆరు వేల ఆరు వందలు తేలింది. నేను సంఘంలో పెట్టాను. మా గల్లీ పద్మశాలి సంఘంలో గొడవ తెగాక మార్కండేయుడి పటం ముందు ఇరువైపులవాళ్ళూ ఒక బెల్లం గడ్డను విరిచి తింటారు. తిన్నాక ఆ మాట మళ్ళీ ఎవరెత్తినా తప్పు కట్టాలి. ఆ రోజు పెద్దమనిషి ఆగయ్య ఫైనాన్స్ మనిషిని కూడా పిలిపించి కూర్చోబెట్టాడు. సోమలింగం టెంపో అమ్మి యాభై రెండు వేలు తెచ్చాడు. అంతకు మించి గుంజితే పురుగుల మందు తాగుతానన్నాడు. ఫైనాన్స్ మనిషి ఎవరికో ఫోన్ చేసి సరేనన్నాడు. డబ్బు తీసుకున్నాడు, కాగితం ఇచ్చాడు. ఆగయ్య బెల్లం పెడితే వాడూ తిన్నాడు. చాయ్ తాగి పోయాడు. కంపెనీయే మా బెల్లం తిన్నదని గల్లీ అంతా గొప్పగా చెప్పుకుంది. నా చేతి నుంచి రూపాయి పోకుండా తెగిందని నేను కూడా అందరికంటే ఎక్కువే చెప్పుకున్నాను.

సోమవారం సంధ్య సెలవు పెట్టి నాతో ఆ ఫైనాన్స్ ఆఫీసుకు వచ్చింది. బెల్లం తిన్న మనిషి ఉద్యోగం వదిలి ఎప్పుడో పోయాడు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ చూసి చెప్పింది. వదులుకున్న నలభై నాలుగు వేల ఆరు వందలు ఇప్పుడు కడితే, పూర్తిగా తీరినట్టు చిట్టీ ఇస్తారు. రిపోర్టులో కూడా మూసేసినట్టు మారుస్తారు. మారడానికి ఒక నెల అనుకోండి, మధ్యలో దీపావళి సెలవులున్నాయి అంది. సంధ్య వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఈ వారంలో కడితే లాభ పంచమికి అందవచ్చు.

నేను నేరుగా సోమలింగం దగ్గరికి పోయాను. ఖాతాల సందు చివర టెంపోలు ఆగే చోట ఉన్నాడు. కొత్త టెంపో, ముందు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. పోయినేడే తీశాడు, వాడి పేరు మీదే, బ్యాంకు అప్పుతో. వాడి రిపోర్టులో మచ్చ లేదు మరి. వాడు ఎగ్గొట్టినదంతా నా దాంట్లో ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇల్లు చెప్పాను, బానా చెప్పాను, వాళ్ళక్క గోడ కొలిచిన సంగతి కూడా చెప్పాను. సగమన్నా ఇవ్వమన్నాను. వాడు గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

"బెల్లం తిన్నంక మల్ల గా ముచ్చట ఎందుకు తీస్తున్నవ్ బావా?"

"బెల్లం నువ్వు తిన్నవ్, నేను తిన్న. కంప్యూటర్ తినలే."

పక్కన ఉన్న డ్రైవర్లు నవ్వారు. వాడూ నవ్వాడు.

"అయితె కంప్యూటర్‌నే అడుగు. గండ్ల ఉన్నది నీ పేరు. నా పేరు లేదు గద."

నేను వాడి కాలర్ పట్టుకున్నాను. డ్రైవర్లు విడిపించారు. అంతకు మించి ఏమీ జరగలేదు, కానీ నేను ఇంటికి చేరేలోపే మాట ఆగయ్య దగ్గరికి చేరింది.

సంఘంలో కూర్చోబెట్టారు. ఆగయ్య నా చిన్నప్పటి నుంచి తెలిసినవాడు, చెడ్డవాడు కాడు. సంధ్య ఫోన్‌లో రిపోర్టు తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. ఎర్ర గడుల మీద వేలు పెట్టి ఇదేంది బిడ్డా అని అడిగాడు. ఓపిగ్గా చెప్పింది. విన్నాడు. అర్థమైనట్టే ఉంది. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"నీకు నష్టమైంది తమ్మీ, నేను కాదంటలేను. గని ఒక్క ఫైసలా తిరగదోడితె, రేపు మన మాట ఎవడింటడు? ఈ గల్లీల గిసొంటివి ఎన్ని తెంపినమో నీకెరుకే."

సంధ్య ఏదో అనబోయి గుజరాతీలోకి మారింది. నేనే ఆపాను. తెగిన మాట ఎత్తినందుకు ఒకటి, కాలర్ పట్టుకున్నందుకు ఒకటి, కలిపి ఐదు వేల నూరు తప్పు వేశారు. కట్టను అనొచ్చు. కానీ మా ఇంట్లో ఎవరైనా పోతే మోయడానికి ఈ గల్లీ మనుషులే రావాలి. కట్టాను. మళ్ళీ బెల్లం పెట్టారు. సోమలింగం తిన్నాడు. నా ముక్క జేబులో వేసుకున్నాను. ఇల్లు చేరేసరికి చొక్కాకు చీమలు పట్టాయి.

ఇంటికని దాచిన రెండున్నర లక్షలను ముట్టుకుంటే గడువుకు సొమ్ము తక్కువ పడుతుంది. ఆ రాత్రి కొమురవ్వ మెడలోంచి బంగారు గుండ్ల పేరు తీసి బియ్యం డబ్బా మీద పెట్టింది. పొద్దున్నే కుదవ పెట్టి తెస్తానన్నాను.

"కుదవ పెట్టకు బాపు," అంది సంధ్య. "గది సుత అప్పే. రిపోర్టుల ఎక్కుతది."

అమ్మేశాం. మా అమ్మ కొమురవ్వకు పెళ్ళిలో పెట్టినవి అవి. తక్కువ పడిన దానికి మా మగ్గాల సేఠ్ దగ్గర ఉపాడ్ తీసుకున్నాను, పగారులోంచి కోసుకునే ముందస్తు సొమ్ము. ఫైనాన్స్ వాళ్ళకు నలభై నాలుగు వేల ఆరు వందలు కట్టాం. చిట్టీ ఇవ్వడానికే పన్నెండు రోజులు పట్టింది. అంతలో దీపావళి వచ్చింది. మగ్గాలు ఆగాయి. ఊరంతా తాళాలు పడ్డాయి. సంధ్య పొద్దునా సాయంత్రం ఫోన్‌లో రిపోర్టు తెరిచేది, ఇంకా మారలేదనేది. ఇలా సొంతంగా చూస్తే స్కోర్ పడదు కదా అని కొమురవ్వ మళ్ళీ మళ్ళీ అడిగేది. పడదని తెలిసినా, సంధ్య ఫోన్ తెరిచిన ప్రతిసారీ భయపడేది.

ముసలాయన దగ్గరికి పోయి ఒక నెల గడువు అడిగాను. ఊళ్ళో ఆయన తమ్ముడితో పొలం పంపకం ఉంది, ఆయనకూ సొమ్ము కావాలి. కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు, కాగితం తీసి తేదీ మీద వేలు పెట్టి చూపించాడు.

లాభ పంచమి వచ్చింది, పోయింది. తర్వాతి వారం రిపోర్టు మారింది. టెంపో పక్కన మూసేసినట్టు రాశారు. బాకీ సున్నా. సంధ్య కేక వేసి నాకు చూపించింది. కిందికి జరిపితే ఆ ఎర్ర గడులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. 'సెటిల్డ్' అన్న మాట పోయింది కానీ, ఎన్ని నెలలు కట్టలేదన్నది పోలేదు. అది ఏళ్ళ తరబడి ఉంటుందట. స్కోర్ ఆరు వందల ముప్పై నాలుగు.

అయినా బ్యాంకుకు పోయాం. అదే అబ్బాయి. చిట్టీ చూశాడు, మంచి పని చేశారన్నాడు. ఏడాది ఆగి రమ్మన్నాడు. ఈలోగా చిన్న అప్పు ఏదైనా తీసుకుని తప్పకుండా కిస్తులు కడుతూ ఉంటే స్కోర్ పెరుగుతుందన్నాడు. కిరాయి లేకుండా బతుకుదామని ఇల్లు కొనబోయినవాడిని, అప్పు పుట్టడానికి ఇంకో అప్పు చెయ్యమన్నాడు. నవ్వొచ్చింది. నవ్వితే ఆ అబ్బాయి కూడా ఎందుకో తెలియక నవ్వాడు.

డిండోలి ఇంట్లో ఇప్పుడు ఒక ఒడిశా కుటుంబం దిగింది. సంపత్‌కు వాళ్ళ దగ్గరా దలాలీ వచ్చింది. ముసలాయనను ఆఖరుసారి స్టేషన్ దగ్గర కలిశాను, బానాలో కొంచెమన్నా తిరిగి ఇస్తాడేమోనని. నా భుజం మీద చెయ్యి వేసి, "బానా తో గయా, భాయ్" అన్నాడు, బానా పోయిందని ఏదో చావు కబురు చెప్పినట్టు.

పోయిన నెల మళ్ళీ ఖోలీ మారాం. పదకొండు నెలలు నిండాయి, ఓనరు వచ్చాడు. సామాను మోయడానికి సోమలింగం తన టెంపో పంపాడు, కిరాయి వద్దన్నాడు. గల్లీ అంతా చూసింది. నేను వెనక్కి పంపేసి తోపుడు బండి మాట్లాడుకున్నాను. అందుకు కూడా నన్నే అన్నారు. కొత్త ఖోలీలో వంటగది గోడకు బిందెల బల్ల పెట్టుకోవచ్చని కొమురవ్వకు చెప్పాను. ఎంత పడుతుందో చూడమన్నాను. ఆమె గోడ వైపు చూడలేదు. బిందెలు నేల మీదే పెట్టింది.

బానా లక్షా యాభై ఒక్క వేలు. ఫైనాన్స్‌కు నలభై నాలుగు వేల ఆరు వందలు. సంఘానికి తప్పు ఐదు వేల నూరు. బిడ్డ ఊరికే తీసి చూపించిన కాగితానికి సంపత్‌కు ఐదు వందలు. మొత్తం రెండు లక్షల వెయ్యి రెండు వందల రూపాయలు.